ఆలస్యముగా బయటపడు దెబ్బ

విజయదశమి రాత్రి దేవరగట్టున మాళ మల్లేశ్వరస్వామివారి బన్ని యుత్సవము మన సీమ సోదరీమణులు వినని వారుండరు. స్వామివారి విగ్రహముల కొరకు ఊళ్లకూళ్లు కర్రలు బట్టి తలపడును. తల పగిలినవాడెవడో తెల్లవారక మునుపే తెలియును. గాయమునకు పసుపద్దుదురు, పెద్ద దెబ్బయైన ఆసుపత్రికి గొనిపోవుదురు. ఆ దెబ్బ యెవరికి, ఎచ్చట, ఏనాడు తగిలినదన్న సందేహ ముండదు. మేమీ నెల వ్రాయబూనినది యట్టి దెబ్బను గూర్చి కాదు. ముప్పది యేండ్ల క్రిందట తగిలి నేడు బయటపడు దెబ్బను గూర్చి.

వానలు తప్పిన యేట హొళగుంద, కోసిగి ప్రాంతములనుండి సుగ్గికి పోవు కుటుంబము లెన్నియో కలవు. మిరపకోత కొందరికి, పట్టణములలో కట్టడపు పని కొందరికి. కట్టడపు పనిలో కప్పు రేకులు కోయుట, పాతవి పగులగొట్టి విప్పుట కూడ నుండును. ఆ సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ అను రాతినార కలియును. దాని పోగు కంటికి కానరానంత సన్నముగ చీలి, ఊపిరితో లోనికి జొచ్చి, అచ్చటనే నిలిచిపోవును. ఇరువది మొదలు నలువది యేండ్లకు ఊపిరితిత్తులు గట్టిపడుటయో, వానికి రాచపుండు, అనగా క్యాన్సరు పుట్టుటయో, లేక రొమ్మునందలి పలుచని పొరకు మెసోథెలియోమా అను క్యాన్సరు వచ్చుటయో జరుగును. పొగత్రాగు వారికి ఊపిరితిత్తుల క్యాన్సరు భయము మరింత హెచ్చు. చెక్కుచెదరక యున్న రేకు క్రింద కాపురమున్నంతనే ఇంత భయము లేదు. కోసినపుడు, రంధ్రము చేసినపుడు, విరిచినపుడు లేచు పొడియే ప్రమాదము.

ఇది దూరదేశపు వస్తువనుకొనరాదు. పొరుగుననున్న కడపజిల్లా పులివెందుల ప్రాంతమున, బ్రాహ్మణపల్లె, లింగాల పరిసరములలో, తెల్ల రాతినారను చిరకాలము త్రవ్వినారు. గనిలోకంటె దానిని దంచి నారదీయు మిల్లులలో ధూళి హెచ్చు. ఆరోగ్యభయముచే ప్రభుత్వమువారు ఈ గనులకు క్రొత్త లీజు లీయుటయు, పాతవానిని పొడిగించుటయు నిలిపినారు. కాని రష్యా, కజకస్థాన్ దేశములనుండి దిగుమతి చేసికొని రేకులు చేయుట మాత్రము నిలువలేదు. త్రవ్వరాని దానిని కొనితెచ్చి వాడుట యే న్యాయమో మాకు బోధపడలేదు.

ఈ జబ్బుతో మరణించినట్లు వైద్యగ్రంథముల కెక్కిన మొదటివారిలో నొకతె స్త్రీయే. ఇంగ్లండున రాచ్‌డేల్ పట్టణమున నెల్లీ కెర్షా యను నామె 1917 నుండి కార్ఖానాలో రాతినార వడికినది. ఊపిరాడక పని మానినది. సహాయమున కర్జీ పెట్టుకొనగా బీమావారు, ఇది పనివలన వచ్చిన జబ్బు, యజమాని నడుగుమనిరి. యజమానులు, ఇట్టి జబ్బు నష్టపరిహార చట్టపు పట్టికలోనే లేదనిరి. రెండువైపుల తలుపులు మూతపడి 1924 మార్చిలో, ముప్పదిమూడవ యేట, ఆమె కన్నుమూసినది. డాక్టరు విలియం కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి ఆ యేడే వైద్యపత్రికలో ప్రకటించెను. ఆ దేశమున ధూళి నరికట్టు నిబంధనలు 1931లో వచ్చినవి.

మన దేశమున ఆమెవలె త్రిప్పివేయుటకు వీలులేదు. జబ్బు పట్టికలో నున్నది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టములోని యీ పట్టిక ఇప్పుడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతి మూడవ అనుబంధమున చేరినది. రాతినారవలని ఊపిరితిత్తుల క్యాన్సరు, మెసోథెలియోమా, ఊపిరితిత్తులు గట్టిపడు ఆస్బెస్టోసిస్ మూడును అందు కలవు. అట్టి పనిలో ఎడతెగక ఆరునెలలున్న వారికి ఈ క్యాన్సరులు వచ్చినచో అవి పనివలననే వచ్చినట్లు చట్టమెంచును. కాదని చూపు భారము యజమానిది. మరణించినచో నెలజీతములో సగమును, పూర్తిగా పనికిరాకపోయినచో నూటికరువది వంతులను, వయస్సుకు నిర్ణయించిన అంకెతో హెచ్చవేయుదురు. ఏబదియేండ్లకు ఆ అంకె 153.09. నెలకు ఎనిమిదివేలు తెచ్చు ఏబదియేండ్ల మనిషి మరణించినచో 4,000 ను 153.09 తో హెచ్చింపగా 6,12,360 రూపాయలు రావలెను. మేస్త్రి క్రింద చేసిన పనియైనను అసలు యజమాని చెల్లింపవలసినదే, తరువాత మేస్త్రినుండి రాబట్టుకొనుట ఆయన పని. ఇ.ఎస్.ఐ. బీమా యున్నవారికి ఈ మొత్తమునకు బదులు ఆ బీమా సొమ్మే లభించును, రెండును రావు.

చిక్కంతయు కాలపరిమితిలో నున్నది. పని మానిన రెండేండ్లలోగా జబ్బు లక్షణములు కానవచ్చినచో అవి మొదట తెలిసిన దినమే ప్రమాదదినముగ నెంచుదురు. రెండేండ్లెక్కడ, ముప్పదియేండ్లెక్కడ? ఈ నియమము వ్రాసినవారికి రాతినార స్వభావము తెలియదని కాదు, పట్టికలో చేర్చినది వారే గదా. తగిన కారణము చూపినచో ఆలస్యముగ పెట్టిన అర్జీని స్వీకరించు నధికారము మాత్రము అధికారికి కలదు.

ఈ చిక్కును సుప్రీంకోర్టు గమనింపకపోలేదు. ఒక వినియోగదారుల సంస్థ 1986లో వేసిన వ్యాజ్యమున 1995 జనవరి 27న తీర్పు చెప్పుచు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామిగారు కార్మికుని ఆరోగ్యము జీవించు హక్కులో భాగమని వ్రాసినారు. ప్రతి రాతినార కార్మికుని ఆరోగ్య వివరములను పనిలో చేరిననాటినుండి కనీసము 40 యేండ్లుగాని, పని మానిన పిదప 15 యేండ్లుగాని, ఏది తరువాత వచ్చిన అంతవరకు కార్ఖానావారు భద్రపరుపవలెను. ఆస్బెస్టోసిస్ ఉన్నట్లు తేలిన గుజరాతు కార్మికుల కొక్కొక్కరికి లక్షరూపాయలు చెల్లింపుమనిరి. ఆ తీర్పు పెద్ద కార్ఖానాలో హాజరుపట్టీ యున్నవారికి అక్కరకు వచ్చును. సుగ్గికి పోయి, పేరైన వ్రాయించుకొనక రేకులు కోసివచ్చిన వాని ఆరోగ్యమును నలువది యేండ్లు భద్రపరచు చిట్టా యేది?

ఇంకొక లోటు మాటకూడ చెప్పక తీరదు. భర్త పొడిబట్టలు దులిపి ఉతికిన భార్యలకును మెసోథెలియోమా వచ్చినట్లు 1965లో లండన్ నగరపు వైద్యపరిశీలనలో వెల్లడియైనది. ఆమె ఉద్యోగిని కాదు గనుక ఈ పరిహార చట్టమున ఆమెకు స్థానమే లేదు. కావున అట్టి బట్టలను దులుపక, ఇంటిబట్టలతో కలుపక, వేరుగ నీటముంచి ఉతుకవలెను. పొడి నేలను చీపురుతో గాక తడిగుడ్డతో తుడువవలెను.

ఇంటిలో నెవరైన ఈ పని చేసియుండినచో, ఏ యూరిలో, ఏ సంవత్సరమున, ఎవరి క్రింద, ఎన్ని నెలలో ఒక కాగితముపై నేడే వ్రాసి, తోడి పనివారి పేర్లు, జీతపు చీటీ, ఛాతీ ఎక్సురే దానితో ఉంచుడు. దగ్గు, ఆయాసము ముదిరి వైద్యుని కడకు పోయినపుడు ఆ కాగితమును చూపి, చేసిన పని పేరు ఆసుపత్రి చీటిపై వ్రాయుమని యడుగుడు. అర్జీకై హైదరాబాదో బెంగుళూరో పోనక్కరలేదు. హక్కుదారు కాపురమున్న చోటి అధికారి యెదుట, అనగా మనవారికి కర్నూలుననే, పెట్టవచ్చును. చెల్లింపవలసిన సొమ్మును నెలలోగా చెల్లింపకున్న యజమాని నూటికి పన్నెండు చొప్పున వడ్డీ కూడ ఇచ్చుకొనవలెను.