కబుర్లలోకి మనవాళ్లు

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో అర్ధరాత్రి దాకా మేలుకుని యూరప్ ఫుట్‌బాల్ లీగులు చూసే కుర్రాళ్లున్నారు. 2022 ఖతార్ ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనా, ఫ్రాన్స్ 3-3 దగ్గర నిలిచి పెనాల్టీలకు వెళ్లిన తీరు ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెబుతారు. ఆ కబుర్లంటే మాకూ ప్రాణమే. వాటిలోకి మనవాళ్లూ రావాలనే ఈ సంచిక.

హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. అప్పటికే క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది, మరుసటి ఏడాదే పోయారు. ఇంతటి మనిషి మన పిల్లలకు తెలియకపోవడం మాకు నిజంగా బాధ.

సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీపై గోల్ కొట్టారు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. ఆమె ఆడే రోజున రేపల్లె ప్యాసింజర్లో కూడా ఎవరో ఒకరు స్కోరెంతని అడగాలి.