ఊపిరి పుట్టుకతో రాదు

పొద్దున ఐదున్నరకు తార్నాక చౌరస్తాలో ఇడ్లీ బండి ఇంకా ఆవిరి పట్టదు. అప్పటికే ఉస్మానియా క్యాంపస్ రోడ్ల మీద పరుగెత్తేవాళ్లు కనపడతారు. తార్నాక వైపు నుంచి లోపలికి వెళ్లి, ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తిరిగి హాస్టల్‌కు చేరడం నాకూ అలవాటు. ఒకరోజు పక్కన పరుగెత్తుతున్న ఓ పెద్దమనిషి ఆగి నీళ్లు తాగుతూ అడిగాడు.

"ఏ ఊరు తమ్ముడూ?"

"భద్రాచలం అవతల, చర్ల వైపు సార్. కోయోళ్లం."

"అట్ల చెప్పు! కొండల్లో పుట్టినోళ్లకు ఊపిరి పుట్టుకతోనే వస్తది. మేం పైసలు పెట్టి నేర్చుకుంటున్నం."

ఆయన నన్ను మెచ్చుకున్నాడు. మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. భద్రాచలం గోదావరి ఒడ్డున ఉంది. సముద్రమట్టానికి సుమారు 50 మీటర్ల ఎత్తు. హైదరాబాద్ 500 మీటర్ల పైన. అంటే నేను కొండ దిగి నగరానికి రాలేదు. పది రెట్లు ఎత్తెక్కి వచ్చాను! ఈ సంగతి ఆ పెద్దమనిషికి తెలియదు. ఆదివాసి అనగానే కొండ, కొండ అనగానే ఊపిరితిత్తులు. ఆయన చూసింది నన్ను కాదు, ఎక్కడో చూసిన బొమ్మను.

అరకు, పాడేరు నిజంగానే ఎత్తున ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, సుమారు 900 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరం కంటే పదో వంతు మాత్రమే తక్కువ. ఎత్తు వల్ల ఒంట్లో చెప్పుకోదగ్గ మార్పు రావాలంటే 1,500 మీటర్లు దాటాలి. పరుగువీరులు శిక్షణకు వెతుక్కునే ఊళ్లు 2,000 మీటర్ల పైన ఉంటాయి. లద్దాఖ్‌లోని లేహ్ 3,500 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ తీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. అంత ఎత్తున కొన్ని వారాలుంటే మూత్రపిండాలు ఒక హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి, ఎముక మజ్జ ఎర్ర రక్తకణాలను పెంచుతుంది. ఎత్తు చేసే మేలు ఇదే. మన తూర్పు కనుమల్లో ఆ ఎత్తు లేదు.

మరి మన పిల్లలు పరుగెత్తడం లేదా? పరుగెత్తుతున్నారు, బాగా పరుగెత్తుతున్నారు. ఎట్లా వచ్చింది ఆ సత్తువ? బడికి ఐదు కిలోమీటర్లు, సంతకు పది, నీళ్లకు వాగు దాకా, జ్వరమొస్తే మంచం మీద మోసుకుంటూ రోడ్డు దాకా. రోడ్డు వేయని ప్రభుత్వమే మనకు దొరికిన మొదటి కోచ్. ఆ నడకకు "సహజ ప్రతిభ" అని పేరు పెడితే రోడ్డు వేయని నేరం కూడా ప్రకృతి ఖాతాలోకి పోతుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. పుట్టుకతో వచ్చినదానికి బడ్జెట్ అక్కర్లేదు. బూట్లు అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు, ట్రాక్ అక్కర్లేదు. చప్పట్లు చాలు.

పోయినేడు నా ఫోన్‌కు ఓ పోస్టర్ వచ్చింది. ఏజెన్సీలోని ఓ చిన్న పట్నంలో కొండ మారథాన్. మంచు, కాఫీ తోటలు, "స్వచ్ఛమైన గాలి". ఎంట్రీ ఫీజు చూశాను. మా ఇంట్లో వారం రోజుల కూలి కంటే ఎక్కువ. రెండు రోజులకు నిర్వాహకుల తరఫు మనిషి ఒకాయన మా హాస్టల్ పిల్లలకు ఫోన్ చేశాడు. పరుగెత్తడానికి పిలిచాడనుకున్నాం. స్టార్టింగ్ లైన్ దగ్గర కొమ్ములు పెట్టుకుని ఆడటానికి ఓ పదిమంది కావాలట. బస్సు చార్జీ, భోజనం ఇస్తారట. మా జూనియర్ ఒకడు అడిగాడు: "అన్నా, ఆట అయ్యాక మేం కూడా పరుగెత్తొచ్చా?" అటు నుంచి జవాబు: "చిప్‌లు అయిపోయాయి తమ్ముడూ."

చిప్ అంటే కాలికో నంబరు బిళ్లకో ఉండే చిన్న పరికరం. అది ఉంటేనే నీ సమయం నమోదవుతుంది, నువ్వు పరుగెత్తినట్టు లెక్క. మా వాడు అడిగింది ఆ లెక్కలో చోటు. మా ఊళ్లు పోస్టర్‌లో ఉన్నాయి, మా కొమ్ములు పోస్టర్‌లో ఉన్నాయి, మా పేర్లు మాత్రం ఫలితాల జాబితాలో ఉండవు.

ఎత్తున్న చిన్న పట్నాల్లో మారథాన్ జరపడమే తప్పని నేను అనడం లేదు. ఎవరు నడుపుతున్నారు, ఎవరి కోసం నడుపుతున్నారు అన్నదే నా ప్రశ్న. లేహ్ మారథాన్ 2012లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 2010 వరదల్లో ఆ ఊరు సగం కొట్టుకుపోయినంత పనైంది. లద్దాఖీలే ముందు నిలబడి ఈ పరుగు పెట్టారు. తమ పిల్లలకు తర్ఫీదిచ్చి, ముంబయి లాంటి మైదాన నగరాల మారథాన్లకు పంపారు. బయటివాళ్లు లేహ్‌కు వస్తారు, లద్దాఖీ అమ్మాయిలు ముంబయికి వెళ్తారు. దారి రెండు వైపులా నడుస్తుంది.

అమెరికాలో లెడ్‌విల్ అని 3,100 మీటర్ల ఎత్తున ఓ చిన్న ఊరుంది. 1980ల మొదట్లో అక్కడి పెద్ద గని మూతపడి ఊరంతా వీధిన పడింది. ఉద్యోగం పోయిన ఓ గని కార్మికుడు 1983లో అక్కడ వంద మైళ్ల పరుగు పెట్టాడు. 1993లో మెక్సికో కొండల నుంచి రరామురి ఆదివాసులు వచ్చి, టైరు ముక్కలతో కుట్టుకున్న చెప్పులతో ఆ పరుగు గెలిచారు. గెలిచినాయన వయసు 55. మర్నాటేడు మళ్లీ వాళ్లే గెలిచారు. ప్రపంచం "పుట్టు పరుగరులు" అని పొగిడింది. ఆ పొగడ్త తర్వాత ఏం జరిగింది? వాళ్ల చెప్పుల కథ మీద బూట్ల వ్యాపారం పెరిగింది. 2010లో లెడ్‌విల్ పరుగు ఓ పెద్ద కంపెనీ చేతికి వెళ్లింది. రరామురి కొండల్లో కరువు కరువుగానే ఉంది.

ఇంకొంచెం దగ్గరి సంగతి. మన హైదరాబాద్ మారథాన్ ఈమధ్య కొన్నేళ్లు ఎన్.ఎం.డి.సి. పేరు మీద జరిగింది. ఆ సంస్థ కార్యాలయం మాసబ్‌ట్యాంక్‌లో, దాని ఇనుము బైలడిలాలో. బైలడిలా అంటే ఎద్దు మూపురం. 1,200 మీటర్లు దాటిన ఆ కొండ దంతెవాడలో ఉంది, మా కోయ బంధువుల నేల మీద. 1960ల చివరి నుంచి ఆ మూపురాన్ని తవ్వుతూనే ఉన్నారు. ఆ ఖనిజం కోసమే వేసిన రైలు మార్గం అరకు మీదుగా విశాఖ రేవుకు దిగుతుంది. మన కొండ రైలెక్కి సముద్రం దాటింది. నగరంలో టీషర్ట్ మీద పేరై తిరిగొచ్చింది. ఆ టీషర్ట్ వేసుకున్న యువకుడిని నేను తప్పు పట్టను. అది ఎవరి కొండో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది చదువుకున్న మనం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. టీచర్లు దయచేసి ఇక్కడ ఆగి చదవండి.

నా చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో నా పక్క మంచం పిల్లవాడు పరుగుపందెంలో సగంలో కూలబడేవాడు. కాళ్లు పట్టుకుని ఏడ్చేవాడు. "కోయ పిల్లవాడివై ఉండి పరుగెత్తలేవా?" అని సారు బెత్తంతో కొట్టేవాడు. మేమూ నవ్వాం. నేను కూడా నవ్వాను, అది దాచను. ఏళ్ల తర్వాత వాడికి రక్తపరీక్ష జరిగింది. సికిల్ సెల్ జబ్బు. పరుగెత్తినప్పుడల్లా ఆక్సిజన్ తగ్గి, ఎర్ర కణాలు కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో ఇరుక్కునేవి. వాడి ఎముకలు లోపల నుంచి అరుస్తుంటే మేం బయట నవ్వాం. "పుట్టుకతో వచ్చే ఊపిరి" అనే నమ్మకం బెత్తమై వాడి వీపు మీద పడింది.

ఊపిరి ఎంత పీల్చినా దాన్ని మోసేది రక్తం. హిమోగ్లోబిన్ లేనివాడికి కొండ గాలి ఎంత స్వచ్ఛమైనదైతే ఏం లాభం? మన ఆదివాసుల్లో సికిల్ సెల్ జన్యువు ఎక్కువ. ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒకరి నుంచే వచ్చినవాళ్లు మామూలుగానే బతుకుతారు, పరుగెత్తుతారు కూడా. కానీ తీవ్రమైన శ్రమ, ఎండ, నీళ్లు తాగకపోవడం, ఎక్కువ ఎత్తు కలిస్తే వాళ్లకు కూడా ప్రమాదం రావచ్చు. ఇద్దరి నుంచీ వచ్చినవాళ్లకు ప్రమాదం చాలా ఎక్కువ. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 7 కోట్ల మందికి పరీక్షలన్నారు. మీ బడిలో ఎంతమందికి అయ్యాయి? కార్డు ఎవరి దగ్గర ఉంది? ఆటల సారుకు ఆ జాబితా తెలుసా?

తార్నాకలో నేను పరుగెత్తే రోడ్డుకు దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరు కొండల్లో పుట్టి, 1958లో ఇక్కడికి వచ్చింది. దాని కింద 1972 నుంచి పనిచేసిన పోషణ పర్యవేక్షణ విభాగం ఆదివాసుల ఇళ్లలో గిన్నెలు కొలిచి, పిల్లల్ని తూచి, ఏం తింటున్నామో, ఏం తక్కువో అంకెల్లో రాసింది. 2015లో ఆ విభాగాన్ని మూసేశారు. తూచినంత కాలం ఆకలి తగ్గలేదు. తూచడం ఆపాక ఆకలి లెక్కే లేకుండా పోయింది. ఇటు మన ఆకలిని కొలిచే తక్కెడ తీసేశారు, అటు మన ఊపిరిని పొగుడుతున్నారు. ఒకే రోడ్డు మీద రెండూ చూస్తున్నాను.

"మరి మాలావత్ పూర్ణ?" అని అడుగుతారు. సరే, పూర్ణ గురించే మాట్లాడుకుందాం. నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడీ బిడ్డ, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆమె వెంట ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్. ఇది పుట్టు ప్రతిభ కథా? గురుకులంలో చేరింది. భువనగిరి బండ మీద ఎక్కడం నేర్పారు. డార్జిలింగ్ పంపారు, చలికాలంలో లద్దాఖ్ పంపారు. కోచ్ ఉన్నాడు, సామాన్లు ఉన్నాయి, నెలల తరబడి తిండి ఉంది. ఒక ప్రభుత్వ సంస్థ పూనుకుంటే ఏమవుతుందో పూర్ణ చూపింది. ఆమె ఫొటో గోడకు తగిలించి ఆ ఏర్పాట్లన్నీ మరిచిపోతే ఆమెను గౌరవించినట్టు కాదు.

కెన్యాలో ఇటెన్ అనే ఊరు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. ప్రపంచ విజేతలు ఎందరో అక్కడి నుంచి వచ్చారు. ఎత్తు వల్లే అనుకుంటాం. ఆ ఎత్తు వేల ఏళ్లుగా ఉంది. 1976లో అక్కడి సెయింట్ పాట్రిక్స్ బడికి కోల్మ్ ఓకానెల్ అనే జాగ్రఫీ సారు వచ్చాడు. పరుగు శిక్షణలో ఆయనకు డిగ్రీ ఏదీ లేదు. పిల్లల్ని గమనించాడు, ఓపిక పట్టాడు, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. డేవిడ్ రుడీషా ఆయన శిష్యుడే. కొండ ఒక్కటే సరిపోదు, దాని మీద నిలబడే సారు కావాలి.

"అవకాశం వచ్చినప్పుడు ఈ నసుగుడు దేనికి? పరుగెత్తితే పోలీసు ఉద్యోగమైనా వస్తుంది కదా" అనే పెద్దలు మనలోనే ఉన్నారు. వాళ్ల మాటను తీసిపారేయను. ఫిజికల్ టెస్టులో 1600 మీటర్ల పరుగు గట్టెక్కిన మన పిల్లల ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. నేను పరుగు మానమనడం లేదు. కూలికి ఆడే ఆట, లెక్కలో లేని పరుగు మానమంటున్నాను.

మన నేల మీద ఎవరైనా మారథాన్ పెడతామని వస్తే అడగాల్సినవి ఇవి. గ్రామసభ ముందు కూర్చున్నారా? 1996 పెసా చట్టం మన గ్రామసభకు గొంతు ఇచ్చింది, ఆ గొంతు వాడదాం. స్థానిక పిల్లలకు ఫీజు లేకుండా నంబరు, చిప్ ఇస్తారా? పరుగుకు నెలలు ముందే రక్తపరీక్షలు చేయిస్తారా? దారి పొడవునా నీళ్లు, అంబులెన్స్ ఉంటాయా? పరుగయ్యాక మిగిలిన డబ్బుతో ఒక బడికైనా ఏడాది పొడవునా కోచ్‌ను పెడతారా? వీటికి జవాబు లేకపోతే మన కొమ్ములు మన ఇంట్లోనే ఉంటాయి.

టీచర్లను అడిగేది ఇంకా చిన్నది. పిల్లల సికిల్ సెల్ కార్డులు చూడండి. ఆగిపోయిన పిల్లవాడిని సోమరి అనకండి, నీళ్లివ్వండి, కూర్చోబెట్టండి, నొప్పి ఎక్కడో అడగండి. పరుగెత్తగలిగిన పిల్ల సమయాన్ని ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. మనకు చిప్ ఎవరూ ఇవ్వనప్పుడు ఆ నోటుబుక్కే మన చిప్.

ఆ పెద్దమనిషి ఇప్పటికీ క్యాంపస్‌లో కనపడతాడు. మొన్న మళ్లీ "ఏం తమ్ముడూ, కొండ ఊపిరి!" అన్నాడు. "ఊపిరి కాదు సార్, ఐదేళ్ల ప్రాక్టీస్" అన్నాను. ఆయన నవ్వాడు. నేను ఆగలేదు. నా పక్క మంచం పిల్లవాడు పూర్తి చేయలేకపోయిన పందెం ఇంకా మిగిలే ఉంది.