లోపలివైపు తిరిగిన బోర్డు

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు మన పెద్దలు. సామెత సంగతి ఎలా ఉన్నా, కంద దురద ఎలాంటిదో వంటింట్లో మసలేవారికి బాగా తెలుసు. అందుకే మా అమ్మ కందముక్కల్ని చింతపండు వేసి ఉడికించి, ఆ నీళ్ళు వంచేసేది. చేమాకుకూ అదే మర్యాద. ఎందుకమ్మా అంటే, "పులుపు తగిలితేగాని అది దారికి రాదురా" అనేది. ఆవిడకు తెలిసిన రసాయనశాస్త్రం అంతే. కానీ మా ఇంట్లో కంద తిని గొంతు పట్టుకున్నవాళ్ళు లేరు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందో చెబుతాను. రెండేళ్ళ కిందట మా బావగారు మోకాళ్ళ నొప్పులకని, ఎవరో చెబితే ఒక పొడి తెప్పించుకున్నారు. పొట్లం మీద పేరు లేదు, చేసినవారి చిరునామా లేదు. "చెట్టుమందే కదా, ఏం చేస్తుంది!" అని ఒక చెంచాడు నోట్లో వేసుకున్నారు. అరగంటలో నాలుక తిమ్మిరెక్కింది. పెదవులు మొద్దుబారాయి. ఆ తరువాత గుండెదడ. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డారు. డాక్టరుగారు లక్షణాలన్నీ చూసి, ఆ పొడిలో సరిగా శుద్ధి చేయని నాభి కలిసి ఉంటుందన్నారు. "శుద్ధి చేయకపోతే ఇంత పని జరుగుతుందా?" అని మా అక్కయ్య పదేపదే అడిగింది. ఆ ప్రశ్న పట్టుకుని నేను పుస్తకాలు తిరగేశాను.

నాభిని ఆయుర్వేదంలో వత్సనాభి అంటారు. దాని దగ్గరి చుట్టాన్ని చైనా వైద్యులు రెండు వేల ఏళ్ళుగా వాడుతున్నారు. పచ్చిగా తింటే ప్రాణం తీసే దుంపను మందుగా మార్చడానికి వాళ్ళు పడ్డ పాట్లు ఒక పెద్ద చరిత్ర. మొక్కను మందుగా తయారుచేసే ఈ విద్యకు చైనా భాషలో పావ్‌జీ అని పేరు. ఆ పేరును పాతకాలంలో రాసిన రెండు అక్షరాలలోనూ నిప్పు గుర్తు ఉంది. అంటే మొదట్లో ఇది పొయ్యి దగ్గర పుట్టిన విద్యే అన్నమాట.

క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు జ్వరాల చికిత్స మీద ఒక గ్రంథం రాశాడు. అందులో మందు పేరూ తూకమూ చెప్పి ఊరుకోలేదు. నాభి దుంపను నిప్పులో కాల్చాలని, తొక్క తీయాలని, ఎనిమిది ముక్కలు చేయాలని పక్కనే రాశాడు. మాహువాంగ్ అనే పొద కాడలను మిగతావాటికంటే ముందే ఉడికించి, బెల్లం పాకం మీద తెట్టు తీసినట్టు పైన తేలిన నురగ తీసేయమన్నాడు. ఒళ్ళు చల్లబడి ప్రాణం జారిపోతున్న రోగికి మాత్రం పచ్చి నాభినే కషాయంలో వేయమన్నాడు. ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు కాల్చకూడదో కూడా వైద్యంలో భాగమే.

తరువాత లే షియావో అనే ఆయన మందుల తయారీ గురించే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. ఆయన 5వ శతాబ్దం వాడని సంప్రదాయం చెబుతుంది. సుమారు మూడు వందల మందులను ఎలా కడగాలి, ఎలా తరగాలి, ఎంతసేపు ఆవిరి పట్టాలి అన్నదే ఆ పుస్తకంలోని విషయం. మూలగ్రంథం కాలగర్భంలో కలిసిపోయింది. 11వ శతాబ్దంలో టాంగ్ షెన్‌వే అనే వైద్యుడు తన ఔషధ గ్రంథంలో ఆ మాటలు ఎత్తి రాసుకోబట్టి మనదాకా వచ్చాయి.

1565లో చెన్ జియామో అనే పండితుడు ఈ పనులన్నిటినీ మూడు తరగతులు చేశాడు: నీటితో చేసేవి, నిప్పుతో చేసేవి, రెండూ కలిపి చేసేవి. తయారీ చాలకపోతే గుణం రాదని, ఎక్కువైతే ఉన్న సారం పోతుందని హెచ్చరించాడు. మన ఆడవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆవాలు చిటపటలాడక ముందే దించినా పోపు కాదు, మాడినా పోపు కాదు. తోడుగా కలిపే వస్తువులకూ లెక్క ఉంది. బియ్యపు సారాతో చేస్తే మందు గుణం పైకి వెళుతుందని, ఉప్పుతో చేస్తే మూత్రపిండాలకు, వెనిగరుతో చేస్తే కాలేయానికి చేరుతుందని, అల్లం వెదజల్లుతుందని, తేనె నెమ్మదింపజేస్తుందని వారి సిద్ధాంతం.

సిద్ధాంతాల మాట అలా ఉంచి, ఇందులో కొన్ని పనులకు నేటి రసాయనశాస్త్రం కారణం చూపిస్తోంది. పినీలియా అనే దుంపను కఫానికి వాడతారు. అది మన కంద, చేమల కుటుంబానికి చెందినదే. దానిలోనూ సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, గొంతులో గుచ్చుకుంటాయి. చైనావారు దానిని పటికతో, అల్లంతో, లేదా సున్నంతోనూ అతిమధురంతోనూ నానబెట్టి దారికి తెస్తారు. మా అమ్మ చింతపండుతో చేసిన పనే ఇది.

రెమానియా అనే వేరు ఇంకో రకం. పచ్చిగా ఎండబెట్టింది ఒంటి వేడి తగ్గించడానికి. దాన్నే సారాతో ఆవిరి పట్టి, ఎండబెట్టి, మళ్ళీ ఆవిరి పట్టి, సంప్రదాయం ప్రకారం తొమ్మిదిసార్లు చేస్తే నల్లగా నిగనిగలాడుతూ తియ్యగా తయారవుతుంది. అది రక్తపుష్టికి వాడే మందు. ఆవిరి పట్టినప్పుడు అందులోని కెటాల్‌పాల్ అనే పదార్థం బాగా తగ్గిపోతుందని పరీక్షల్లో తేలింది. వేరు ఒక్కటే, మందులు రెండు.

ఇక నాభి. దాని విషం పేరు అకొనిటిన్. నీళ్ళలో చాలాసేపు మరిగిస్తే అది విరిగి, విషం ఎన్నో రెట్లు తక్కువున్న పదార్థాలుగా మారుతుంది. సిచువాన్ రాష్ట్రంలోని జియాంగ్‌యూలో పచ్చి దుంపలను, ఉప్పు తీశాక మిగిలే చేదునీటిలో రోజుల తరబడి నానబెట్టి, ఉడికించి, బిళ్ళలుగా కోసి, మళ్ళీ మళ్ళీ కడిగి, ఆవిరి పడతారు. ఇంతా చేస్తే, పూర్తిగా ఉడికిందానికీ అరకొరగా ఉడికిందానికీ తేడా కొనేవాడి కంటికి తెలియదు. హాంకాంగ్ ఆసుపత్రులలో 1989 నుంచి కొన్నేళ్ళపాటు ఇటువంటి విషప్రయోగం కేసులు వరుసగా నమోదయ్యాయి. మా బావగారి కథ కొత్తదేమీ కాదు.

చైనా వైద్యం జపాన్‌కు చేరి అక్కడ కంపో అయింది. క్రీ.శ. 756లో చక్రవర్తి షోము మరణించినప్పుడు, రాణి కోమ్యో నారా నగరంలోని తోదాయ్‌జీ బుద్ధుడికి ఆయన వస్తువులతో పాటు 60 రకాల మందులను 21 పెట్టెలలో సమర్పించింది. జబ్బుపడినవారికి అవి పనికిరావాలని ఆవిడ కోరిక. ఆ మందులలో కొన్ని షోసోయిన్ అనే కొయ్య భాండాగారంలో నేటికీ ఉన్నాయి. 1948లో అసహినా యసుహికో బృందం పరీక్షించడం మొదలుపెట్టింది. పన్నెండు వందల ఏళ్ళ నాటి అతిమధురంలో, రేవల్చినిలో సారం ఇంకా మిగిలే ఉంది. ఆ జాబితాలో మనవాళ్ళు కూడా ఉన్నారండోయ్! కరక్కాయ, ఉసిరి, మిరియాలు, పిప్పళ్ళు ఉన్నాయి. మన వంటింటి డబ్బాలోని సరుకు, సముద్రాలు దాటి, ఒక రాణి చేతి దానంగా బుద్ధుడి ముందు చేరింది.

జపాన్‌వారు గుడ్డిగా అనుకరించలేదు. యొషిమసు తోదో (1702–1773) అనే వైద్యుడు మందు విషమేనని, ఆ విషంతోనే రోగమనే విషాన్ని కొట్టాలని వాదించి, అతిగా చేసే శుద్ధులను తప్పుపట్టాడు. ఏమైనా నాభి విషయంలో మాత్రం నేటి జపాన్ చాలా కచ్చితంగా ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ సూత్రంతోనే పనిచేసే పెద్ద యంత్రాలలో ఆవిరి పడతారు. తయారైన సరుకులో అకొనిటిన్ ఎంతకు మించకూడదో వారి ఔషధ ప్రమాణ గ్రంథం అంకెలతో సహా నిర్ణయించింది. 1967 నుంచి కంపో మందులు అక్కడి ఆరోగ్య బీమా కిందికి రావడం మొదలైంది.

పరీక్షాయంత్రాలు లేని రోజుల్లో దీనికి భరోసా ఏమిటి? జవాబు నాకు హాంగ్‌జో నగరంలో దొరికింది. అక్కడ హు షుయెయాన్ అనే ఆయన ఉండేవాడు. చిన్నప్పుడు వడ్డీవ్యాపారి కొట్టులో కుర్రాడిగా చేరి, తరువాత పెద్ద బ్యాంకరయ్యాడు. 1874లో హు చింగ్‌యూ టాంగ్ అనే మందుల కొట్టు స్థాపించాడు. ఇనుమూ రాగీ తగలకూడని ఒక మందు కోసం వెండి గిన్నె, బంగారు అట్లకాడ చేయించాడు. అవి అక్కడి మ్యూజియంలో నేటికీ ఉన్నాయి. 1878లో మోసం చేయవద్దు అనే అర్థం వచ్చే రెండక్షరాల బోర్డు స్వయంగా రాసి వేలాడదీశాడు. కొట్టులోని మిగతా బోర్డులన్నీ వచ్చేపోయేవారి వైపు చూస్తుంటాయి. ఇది మాత్రం లోపలివైపు, పనివాళ్ళకు కనబడేలా ఉంటుంది. మందు కొనేవాడికి ఆవిరి ఎన్నిసార్లు పట్టారో తెలియదు. పట్టినవాడికి తెలుసు. ఆ బోర్డు వాడి కోసం.

1883లో పట్టు వ్యాపారంలో దెబ్బతిని హు బ్యాంకు కూలిపోయింది. 1885లో ఆయన పోయాడు. మందుల కొట్టు చేతులు మారినా నేటికీ నడుస్తోంది. బ్యాంకు ఉద్యోగిని కాబట్టి ఈ సంగతి నన్ను కాస్త గుచ్చింది. మా పనిలోనూ ఖాతాదారుకు కనబడేది పాసుబుక్కులో ఒక్క వరుస. దాని వెనుక వోచర్లు సరిచూసి, రాత్రి క్యాష్ టాలీ అయ్యేదాకా కూర్చున్నవాణ్ణి ఎవరూ చూడరు. ఒక్కరోజు చూసీచూడనట్టు వదిలేస్తే ఎవరికీ తెలియదు కూడా, ఎప్పుడో ఒకప్పుడు ఎవరి కొంపో మునిగేదాకా.

మందులు వాడమనీ మానమనీ చెప్పేటంత వాణ్ణి కాను, అది వైద్యుల పని. ఒక్కటే విన్నపం. మూలికా మందు కొనేటప్పుడు అందులో ఏముందో అడగడంతో ఆగకండి. ఎవరు చేశారు, ఎలా శుద్ధి చేశారు, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు ఉన్నాయా అని కూడా చూడండి. జవాబు రాకపోతే తిరిగి ఇచ్చేయండి.

మా బావగారు ఇప్పుడు కులాసాగా ఉన్నారు. మొన్న పండక్కి వెళితే అక్కయ్య కంద పులుసు వడ్డించింది. ఆయన ముద్ద కలిపి, నోట్లో పెట్టుకునే ముందు ఆగి, "చింతపండు వేసే ఉడికించావా?" అని అడిగారు. అక్కయ్య కోపగించుకోలేదు. "రెండుసార్లు నీళ్ళు వంచాను, తినండి" అంది.