పొయ్యి వెలిగితేనే ఆ కప్పు నిలిచేది!

జపాన్ కొండల్లో షిరకావా గ్రామం. అందులో షో నది ఒడ్డున ఒగిమాచి అనే పల్లె. నిటారుగా లేచిన గడ్డి కప్పుల ఇళ్లే అక్కడి ఆకర్షణ. నమస్కరించే చేతుల్లా రెండు వాలులూ పైన కలుస్తాయి. అందుకే వాటిని 'గాష్షో' ఇళ్లంటారు. ఆ వాలు అందం కోసం పెట్టింది కాదు. నిలువెత్తు మంచు పేరుకునే చోట బరువుకు ఇల్లు కూలకుండా చేసిన ఏర్పాటది. అటకల మీద ఒకప్పుడు పట్టుపురుగులు పెంచేవారు.

1995లో యునెస్కో ఈ పల్లెను, పొరుగున గొకయామాలోని మరో రెండు పల్లెలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2008లో ఎక్స్‌ప్రెస్‌వే పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చింది. ఇంకేం.. బస్సులు బారులు తీరాయి. గ్రామ జనాభా రెండు వేలు కూడా లేదు. కరోనా ఏళ్లు మినహాయిస్తే వచ్చేవారు ఏటా పది లక్షల పైమాటే. వారిలో చాలామంది పొద్దున దిగి, ఫొటోలు తీసుకుని, సాయంత్రానికి వెళ్లిపోతారు. మ్యూజియం అనుకుని జనం కాపురముంటున్న ఇళ్లలోకి తొంగిచూసేవారూ ఉన్నారు.

చలికాలంలో కొన్ని రాత్రులు ఆ ఇళ్లకు దీపాలంకరణ చేస్తారు. దానికి తాకిడి తట్టుకోలేక 2019లో ముందస్తు రిజర్వేషన్ తప్పనిసరి చేశారు. పర్యాటకుల మీద బతుకుతూ పర్యాటకులకే అడ్డు చెబుతారా అని ఎవరైనా అడగొచ్చు. అడిగేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పల్లెను కాపాడింది పర్యాటకులు కాదు.. ఊరివాళ్లే. యుద్ధం తర్వాత ఆ లోయలో ఆనకట్టల కింద కొన్ని ఊళ్లు మునిగాయి. కొన్ని ఇళ్లు అమ్ముడుపోయి ఊరు దాటాయి. అప్పుడు, 1971లో, ఒగిమాచి జనం ఒక్కటై కట్టుబాటు చేసుకున్నారు. ఇల్లు అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, కూల్చొద్దు! యునెస్కో వచ్చింది ఆ తర్వాత 24 ఏళ్లకు.

కప్పు 30, 40 ఏళ్లకోసారి మార్చాలి. వంద మందికి పైగా చేయి వేయాల్సిన పని. ఈరోజు నీ ఇంటికి నేను, రేపు నా ఇంటికి నువ్వు. దీన్ని అక్కడ 'యుయి' అంటారు. రాయలసీమ పల్లెల్లో 'ముయ్యి' అంటారే, అలాంటిదే. ఇప్పుడు చాలా కప్పుల పని వృత్తి పనివాళ్ల చేతికి వెళ్లింది. ప్రభుత్వం డబ్బు సాయం చేస్తోంది. కానీ డబ్బుతో కప్పు వస్తుంది.. ఇరుగుపొరుగు రారు కదా!

కాబట్టి జనాన్ని పరిమితం చేయడం తప్పు కాదు. అవసరం. గంటసేపు చూసిపోయే పది మంది కన్నా, రాత్రికి బస చేసి ఊరి భోజనం తిని, ఊరి మాట విని వెళ్లే ఒక్కరు మేలు. అక్టోబరు పండగలో దేవుడికి నివేదించిన వడకట్టని బియ్యపు మద్యాన్ని అతిథులకు పోసే ఊరది. ఆదరణకు లోటు లేదు. రావాల్సింది అతిథిలా, అంతే.

ఆ ఇళ్ల నడిమి గదిలో నేల మీదే పొయ్యి ఉంటుంది. దాని పొగ పైకెళ్లి గడ్డికి పురుగు, చెమ్మ పట్టకుండా కాస్తుంది. అంటే మనుషులు కాపురముంటేనే కప్పు నిలుస్తుంది. టికెట్ల లెక్క పెరిగి పొయ్యిలు ఆరిపోతే మిగిలేది బొమ్మల కొలువే. దాన్ని చూడ్డానికి అంత దూరం పోవడమెందుకు?