మూలం వదలి టీకలు కొనేవారికి



తెలుగు పాఠాలు చెప్పి పదవీవిరమణ చేసినవాడికి న్యాయవాదుల పరీక్షతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. పని పడింది కనుకనే ఈ టపా వ్రాస్తున్నాను.

కొంతకాలం క్రితం నా పూర్వవిద్యార్థి ఒకడు సంగారెడ్డిలో మా యింటికి వచ్చాడు. తండ్రి పటాన్‌చెరు కర్మాగారాలలో కూలి. కొడుకు న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని, జిల్లా కోర్టులో ఒక వకీలు దగ్గర జూనియరుగా తిరుగుతున్నాడు. అఖిల భారత బార్ పరీక్ష ఒకసారి తప్పాడు. వడ్డీకి 18,000 రూపాయలు తెచ్చి, ఒక శిక్షణసంస్థ అమ్మిన ‘హామీ ప్యాకేజీ’ కొని మరీ తప్పాడు. ఇప్పుడు అంతకంటె పెద్ద ప్యాకేజీ కొనమంటారా అని నా సలహా అడిగాడు.

సంచిలోని నోట్సు తీయించి చూచాను. హత్యకు 302, మోసానికి 420 అని ఉన్నది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులో ఉన్నది. అందులో హత్యకు శిక్ష 103వ సెక్షను, మోసం 318వది. లోకం నోట ‘నాలుగువందల ఇరవై’ ఇంకా చావకపోవచ్చు గాని, పరీక్షకు వెళ్ళేవాడికి చచ్చిన సెక్షన్లను డబ్బుకు అమ్మడాన్ని ఏ సెక్షను క్రింద పెట్టాలో ఆ సంస్థవారే చెప్పాలి.

ఇంతకూ ఆ పరీక్ష ఎటువంటిది? బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2010లో నిర్ణయించగా, తొలిసారి 2011 మార్చి 6న జరిగింది. 100 ప్రశ్నలు, 100 మార్కులు. తప్పు గుర్తిస్తే కోత లేదు. గట్టెక్కడానికి 45 చాలు. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 40. మొదట్లో పుస్తకాలు చూచి వ్రాసే వీలుండేది. 2021 నుండి టీకాటిప్పణులు లేని మూలచట్టాలను మాత్రమే లోనికి అనుమతిస్తున్నారు. నా మట్టుకు, ఎట్లా చదవాలో ఈ ఒక్క నియమమే చెప్పేసింది. పరీక్షగదిలో నీ చేతిలో ఉండబోయేది మూలగ్రంథం. దానిలో ఏది ఎక్కడున్నదో తెలిసినవాడు గట్టెక్కుతాడు. ఆ ప్రతిని ఒక్కనాడైనా తెరవక, ఇతరులు వండిన బిట్లు మ్రింగినవాడు ఆ గదిలో పుస్తకం చేతబట్టుకొని గ్రుడ్డివాడవుతాడు.

ఈ రోగం నాకు కొత్త కాదు. బాలవ్యాకరణం తెరవకుండా గైడు బట్టీపట్టి సంధులు చెప్పిన పిల్లలను ముప్ఫై యేళ్ళు చూచాను. ఉదాహరణ మారిస్తే చాలు, నోరు తెరిచేవారు. సూత్రం తెలియనివాడికి ఉదాహరణే సూత్రం.

ఇక నా అసలు ఫిర్యాదు. ఆ 100 మార్కులను 19 విషయాలకు పంచారు. రాజ్యాంగానికి 10, సివిల్ ప్రొసీజరుకు 10; కార్మికచట్టాలకు 4, పర్యావరణచట్టానికి 2. మా వాడి నోట్సులో ఈ చివరి రెండూ లేవు. ఎందుకురా అంటే, “అవి ఇడిచిపెట్టమన్నరు సార్. ఆరు మార్కులకు అంత సదువుడు దండుగ అన్నరు” అన్నాడు.

అయ్యా, ఈ మాట ఎక్కడ నిలబడి అంటున్నారు? పటాన్‌చెరు, బొల్లారం కర్మాగారాల వ్యర్థజలాలు నక్కవాగును విషం చేస్తే, ఆ వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. పొలాలు చెడిన రైతులకు నష్టపరిహారం ఇవ్వాలని ఆదేశాలు వచ్చాయి. అది ఆ రెండు మార్కుల చట్టం. 2025 జూన్ 30న పాశమైలారం ఔషధ కర్మాగారంలో ప్రేలుడు 40 మందికి పైగా కార్మికులను బలిగొన్నది. వారిలో ఎందరో బీహారు, ఒడిశాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. వారి భార్యాబిడ్డలకు రావలసిన పరిహారం ఆ నాలుగు మార్కుల చట్టం. ఆ చట్టమూ మారింది: 2025 నవంబరు 21 నుండి 29 పాత కార్మికచట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి. ఈ గడ్డమీద వకాల్తా పుచ్చుకోబోయేవాడికి ఈ ఆరు మార్కులనే దండుగ అని నేర్పే చదువును శిక్షణ అనడానికి నా పాండిత్యం ఒప్పుకోదు.

నా మాట చాదస్తమనేవారు ఉంటారని తెలుసు. తెలుగు మాధ్యమంలో చదివి, పగలంతా కోర్టు వరండాలో తిరిగి రాత్రి పుస్తకం పట్టేవాడికి దారి చూపేవారు అక్కరలేదా అంటే, తప్పక కావాలి. మంచి గురువు పాఠం ఫోనులో విన్నా పాఠమే. శిక్షణ కొనవద్దని నేననను, అడిగి కొనమంటాను. మీ పాఠం ఏ తేదీ వరకు సవరించినది? మూలచట్టం నా చేత తెరిపించి చెబుతారా, లేక బిట్లు అప్పగిస్తారా? 19 విషయాలలో దేనిని వదలమంటారు? ఈ మూడింటికి సూటిగా బదులు రాకపోతే లేచి వచ్చెయ్యండి. కేంద్రచట్టాల మూలప్రతులు ఇండియా కోడ్ జాలస్థలంలో ఉచితంగానే ఉన్నాయి. 45 మార్కుల గడప దాటించడానికి వేలు గుంజేవాడు అమ్మేది చదువు కాదు, భయం.

మా వాడు రెండో ప్యాకేజీ కొనలేదు. ఆదివారాలు మా యింటికి వస్తున్నాడు. చట్టం నాకు తెలియదు, వాక్యం తెలుసు. కర్త, కర్మ, ‘అయితే’, ‘తప్ప’ నేను విడదీస్తాను, భావం అతడు చెబుతాడు.

మొన్న 1923 నాటి పరిహారచట్టాన్నీ, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌నూ ప్రక్కప్రక్కన పెట్టి చదువుతున్నాము. పాతచట్టం అనుబంధంలో ఒక వరుస వద్ద అతని వేలు ఆగిపోయింది. ఒక చేతి రెండు వేళ్ళు పోతే, సంపాదనశక్తిలో 20 శాతం పోయినట్లు లెక్క. కోరవలసిన గడువు రెండేళ్ళు.

“మా నాయినకు మిషన్ల రెండు ఏళ్ళు పోయినయి సార్. పన్నెండేండ్లాయె. అయిదువేలు చేతుల పెట్టి పంపిన్రు. ఇట్లొకటి ఉన్నదని ఎవ్వలు చెప్పలే” అన్నాడు.

నేను బదులు చెప్పలేకపోయాను. ఆ రోజుల్లో ఆ తండ్రికి ఎదురుపడిన వకీలు ఎవరైనా ఉంటే, అతడుకూడా ఆ నాలుగు మార్కులు వదిలేసి పాసయినవాడేనేమో.

విజ్ఞులు తమ అభిప్రాయాలు తెలుపగలరు. శెలవు.