కోర్లు ఎన్నని కాదు.. పని ఎలా పంచామని!

మొన్న మా పలివెల వెళ్లినప్పుడు ఇంజినీరింగ్ మూడో ఏడాది చదివే తమ్ముడొకడు పట్టుకున్నాడు. ‘అన్నా, రెండేళ్లలో డెస్క్‌టాప్‌కే వంద కోర్లు వచ్చేస్తాయంట. ఇప్పుడు లక్ష పెట్టి లాప్‌టాప్ కొనాలా, ఆగాలా?’ అప్పు తేవడానికి నాన్నను ఒప్పించేశాడు కూడా.

ముందు లెక్క చూద్దాం. సర్వర్లలో పరుగు నిజమే. ఏఎండీ ఎపిక్ ప్రాసెసర్‌లో 2017లో గరిష్ఠంగా 32 కోర్లు. 2019లో 64, 2022లో 96, 2024లో 192. తర్వాతి ‘వెనిస్’లో 256 ఉంటాయని కంపెనీయే ప్రకటించింది. ఇంటెల్ ‘క్లియర్‌వాటర్ ఫారెస్ట్’ది 288 మాట. మన సీడాక్ కూడా 96 కోర్ల ‘ఔమ్’ డిజైన్ చేపట్టింది. మరి డెస్క్‌టాప్? రైజెన్‌లో 2019లో 16 కోర్లు, 2024లోనూ గరిష్ఠం 16. ఇకపై పెరగొచ్చు గానీ వందకు ఇప్పట్లో చేరవని నా అంచనా.

ఎందుకీ తేడా? సర్వర్‌కు వేలమంది నుంచి వేర్వేరు పనులు వస్తాయి. కోర్‌కి ఒకటి పంచేయొచ్చు. మన సిస్టమ్‌లో పని ఒక్కరిదే, అందులో విడదీయలేని ముక్క ఎప్పుడూ ఉంటుంది.

కొబ్బరి రాశి దగ్గరకు రండి. ఒక్కడే చేస్తే వలుపుకి 19 గంటలు, చివర్లో లెక్క రాయడానికి గంట. లెక్క ఒక్కరే రాయాలి. 19 మంది వలిస్తే మొత్తం 2 గంటల్లో అయిపోతుంది. 190 మందిని పెడితే? గంటా ఆరు నిమిషాలు. కూలీలు పది రెట్లు పెరిగినా సమయం సగానికి కూడా తగ్గలేదు. ఎంతమందిని దింపినా ఆ గంట పోదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పింది ఇదే.

నా మొదటి ఇంటర్వ్యూ ఇక్కడే పోయింది. ‘ఎనిమిది థ్రెడ్లు పెట్టినా నీ పైథాన్ లెక్కల ప్రోగ్రామ్ వేగం ఎందుకు పెరగలేదు?’ అన్నారు. ప్రాసెసర్ మోడళ్లన్నీ కంఠతా వచ్చిన నాకు జవాబు తెలీదు. మామూలు పైథాన్‌లో జీఐఎల్ అనే తాళం ఉంటుంది. ఒకసారికి ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్ నడపగలదు. 2024లో వచ్చిన 3.13 వెర్షన్‌తో ఆ తాళం లేని రకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు.

విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఏఎండీకి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. ఇలాంటి చోట్ల కోర్ల సంఖ్య చెప్పేవాళ్ల కంటే వాటికి పని పంచగలిగేవాళ్లే కావాలి.

అందుకే తమ్ముడికి చెప్పా: ఉన్న లాప్‌టాప్ చాలు. ప్రాసెస్‌కీ థ్రెడ్‌కీ తేడా, రేస్ కండిషన్, డెడ్‌లాక్ అర్థం చేసుకో. మ్యాట్రిక్స్ గుణకారాన్ని సీలో ఓపెన్‌ఎంపీతో రాసి 1, 2, 4, 8 థ్రెడ్లతో నడుపు. పట్టిన సమయాలు గ్రాఫ్ గీయి. వేగం ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో రెండు పేరాలు రాసి గిట్‌హబ్‌లో పెట్టు. ఈసీఈ వాళ్లయితే కంప్యూటర్ ఆర్కిటెక్చర్, వెరిలాగ్ వదలొద్దు.

256 కోర్లు వచ్చినా, 500 వచ్చినా ఆ గ్రాఫ్ పాతబడదు. నాన్న చేసే అప్పూ తప్పుతుంది.