భయపడిన బోధకుడు

1736వ సంవత్సరము జనవరి 25వ తేదీ ఆదివారము సాయంకాలమున, ఇంగ్లండునుండి అమెరికాలోని జార్జియా వలసరాజ్యమునకు పోవుచున్న సిమ్మండ్స్ అను ఓడ అట్లాంటిక్ మహాసముద్రమున ఘోరమైన తుఫానులో చిక్కుకొనెను. అందు ప్రయాణించుచున్న జాన్ వెస్లీ అను 32 ఏండ్ల ఆంగ్ల క్రైస్తవ గురువునకు, తనకు చావనిన భయమున్నదని ఆ సముద్రయానముననే తేటతెల్లమయ్యెను. ఆయన సామాన్యుడు కాడు. ఆక్స్‌ఫర్డునందలి లింకన్ కళాశాలలో ఫెలో పదవి నందినవాడు. ప్రార్థనోపవాసములను నియమముగా పాటించుచు, చెరసాలలకు పోయి ఖైదీలను పరామర్శించుచు వచ్చినవాడు. అమెరికాయందలి ఆదివాసులకు సువార్త ప్రకటింపవలెనని స్వదేశమును విడిచి బయలుదేరినవాడు. ఇంతటి నిష్ఠాపరుని హృదయములో మరణభీతి చెక్కుచెదరక యుండెననియు, చచ్చుటకు తనకు మనసొప్పకున్నదని ఆయన సిగ్గుపడి ఆ సంగతిని దినచర్యలో దాచక వ్రాసికొనెననియు తెలిసినప్పుడు, ఆయనయందు నాకు గౌరవము తగ్గలేదు సరికదా, ఇనుమడించెను.

ఆ యోడలో మొరేవియను సోదరులనబడు జర్మను క్రైస్తవులు 26 మంది యుండిరి. వారు 1415లో సజీవముగా దహింపబడిన మతసంస్కర్త యాన్ హుస్ అనుచరుల పరంపరను చెప్పుకొనువారు. స్వదేశమున మతహింసల కోర్వలేక వెడలివచ్చి, సాక్సనీలో జిన్‌జెండార్ఫ్ ప్రభువు భూమిపై 1722లో హెర్న్‌హుట్ అను పల్లెను కట్టుకొన్న సమాజమునకు చెందినవారు. నాటి సాయంకాలము వారు ఆరాధన మొదలిడి కీర్తన పాడుచుండగా, సముద్రము ఓడపై విరుచుకుపడి, పెద్ద తెరచాపను పేలికలు చేసి, ఓడనంతను ముంచెత్తి, ఓడ అంతస్తుల నడుమకు దూకెను. ఆంగ్లేయులు గుండెలు పగులునట్లు ఆక్రందించిరి. జర్మనులు పాట నాపలేదు. తరువాత వెస్లీ వారిలో నొకనిని చేరి, మీకు భయము కలుగలేదా యని అడుగగా, అతడు లేదని చెప్పి దేవునికి స్తోత్రము చెల్లించెను. స్త్రీలకును పిల్లలకును సైతము కలుగలేదా యని మరల అడుగగా, తమ స్త్రీలును పిల్లలును చావునకు భయపడరని శాంతముగా బదులిచ్చెను.

ఈ వృత్తాంతము ప్రసంగములలో వినబడుచుండునదే. అయితే ప్రసంగికులు సామాన్యముగా విడిచిపెట్టు భాగమొకటి కలదు. నా దృష్టిలో కథకు ప్రాణమదియే. తుఫాను రాకపూర్వము అనేక దినములనుండి వెస్లీ ఈ జర్మనులను గమనించుచుండెను; వారితో సంభాషింపవలెనని ఓడ యెక్కిన కొలది దినములకే వారి భాషను నేర్వ మొదలిడెను. ఆంగ్లేయులలో ఎవ్వరును తలపెట్టని నీచసేవలను తక్కిన ప్రయాణికుల కొరకు వారు చేయుచుండిరి. కూలి యిచ్చినను పుచ్చుకొనక, ఇట్టి పని తమ గర్వించు హృదయములకు మేలు చేయుననియు, తమ రక్షకుడు తమకై ఇంతకంటె ఎక్కువ చేసెననియు చెప్పుచుండిరి. ఎవరైన వారిని త్రోసినను, కొట్టినను, పడద్రోసినను, లేచి మారుమాటాడక పోవుచుండిరి. గర్వమునుండియు, కోపమునుండియు, పగనుండియు విముక్తులైన వీరు భయమునుండి కూడ విముక్తులైరో లేదో పరీక్షించుటకు తుఫాను తగిన సమయమని వెస్లీ తలచెను. అనగా వారి నిర్భయత్వము ఆ రాత్రి ఆకాశమునుండి ఊడిపడినది కాదు. ఇతరుల మలినమును కడుగుచు, అవమానమును దిగమ్రింగుచు, తన గౌరవమును దినదినమును దేవుని చేతులలో విడిచిపెట్టుచు వచ్చినవానివద్ద, అల వచ్చి ఎత్తుకొని పోవుటకు మిగిలియుండునది స్వల్పము. మన భయమునకు ఆహారము మన అహమే. అది ప్రతిదినమును కొంత తగ్గుచు వచ్చినగాని, ఆపద వచ్చిన నాడు గొంతెత్తి పాడుటకు శక్తి చాలదు.

వెస్లీతో తెలుగువారికి సంబంధము లేకపోలేదు. మెదకునందలి మహాదేవాలయమును కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్, వెస్లీ పేర వెలసిన మెథడిస్టు మిషనునుండి వచ్చినవాడే. 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠింపబడిన ఆ యాలయపు గోపురచ్ఛాయలోనికి నేడును ఏటేట వేలకొలది జనులు రోగభయమును, ఋణభయమును, బిడ్డల భవిష్యత్తును గూర్చిన భయమును మోసికొని వచ్చుచున్నారు. మన సంఘములలో ఇట్టివారికి లభించు ఆదరణను చూచినప్పుడు నాకు బాధ కలుగును. విశ్వాసమున్నచోట భయముండరాదని చెప్పి, భయపడినవానిని అల్పవిశ్వాసి యని మందలించుట పెక్కుచోట్ల ఆచారమైనది. ఒక రాత్రి ప్రార్థనతో సకలభయములు పటాపంచలగునని ప్రకటించు సభలును కలవు. అట్లు మందలింపబడినవాడు మరునాడు భయపడుట మానడు. భయపడుచున్నానని చెప్పుట మానును. గెత్సేమనే తోటలో క్రీస్తుప్రభువు వేదనాక్రాంతుడై, ఆ పాత్ర తననుండి తొలగిపోవలెనని ప్రార్థించిన సంగతిని సువార్తికులు దాచలేదు. వారు దాచనిదానిని మనమేల నేరముగా ఎంచవలెను?

వెస్లీ భయమును దాచుకొనకపోవుటయే ఆయనను రక్షణమార్గమున నడిపించెను. జార్జియాలో మొరేవియను నాయకుడైన స్పాంగెన్‌బర్గ్, క్రీస్తు నిన్ను రక్షించెనని నీవెరుగుదువా యని సూటిగా ప్రశ్నించినప్పుడు ఆయన తడబడెను. అక్కడి పరిచర్య విఫలమై, 1738 ఆరంభమున తిరిగి వచ్చుచు, ఇతరులను మార్పబోయిన తన్ను మార్చువాడెవడని దుఃఖించెను. ఆ సంవత్సరమే మే 24వ తేదీ రాత్రి, లండనులో ఆల్డర్స్‌గేట్ వీథియందలి యొక కూటములో, రోమీయులకు పౌలు వ్రాసిన పత్రికకు లూథరు రచించిన పీఠికను ఎవరో చదువుచుండగా, తన పాపములు తొలగింపబడెనను నిశ్చయము ఆయనకు కలిగెను. ఇది లోకప్రసిద్ధమైన కథ, దానిని విస్తరింపను.

విస్తరింపవలసినది తరువాతి కథ. 1743 అక్టోబరు 20న వెడ్నెస్‌బరీ పట్టణమున అల్లరిమూక యొకటి ఆయన బసచేసిన యింటిని ముట్టడించి, ఆయనను వెలికి లాగి, వానలో చీకటిలో గంటలకొలది ఊరూరు త్రిప్పెను. దెబ్బలు పడినవి, చంపుడను కేకలు మిన్నుముట్టినవి. ఆ సమయమున తన గదిలో కూర్చున్నంత నిబ్బరముగా తానుంటినని ఆయన వ్రాసెను. నదిలో పడవేయుదురేమో యని తోచినప్పుడు కూడ, తాను ఈది గట్టెక్కుదుననియే నమ్మి, జేబులోని కాగితములు తడిసిపోవునే యని మాత్రము చింతించెనట! ఓడలో ప్రాణముకొరకు వణకిన మనుష్యుడు ఏడేండ్లు పైబడిన పిమ్మట కాగితములను గూర్చి చింతించుట నాకు ఎన్ని సిద్ధాంతగ్రంథములకంటెను గొప్ప బోధగా తోచును. ఆ మూకకు నాయకత్వము వహించిన ద్వంద్వయోధుడు జార్జ్ క్లిఫ్టన్ ఆ రాత్రియే ఆయనకు రక్షకుడై, తరువాత మెథడిస్టు సంఘమున చేరెను.

ఇంతటితో ఆయనకు సకలసందేహములును తీరెనని చెప్పినచో అసత్యమగును. 1766 జూన్ నెలలో, 63 ఏండ్లు నిండనున్న ప్రాయమున, తమ్ముడు చార్లెసునకు వ్రాసిన లేఖలో, కొన్ని మాటలను సంక్షిప్తలిపిలో మరుగుపరచి, దేవునియందు ప్రేమ తనకు ఎన్నడును కలుగలేదేమో యనియు, తనకేదైన భయమున్నచో అది నరకమును గూర్చినది కాక శూన్యములో కలిసిపోవుటను గూర్చినదనియు ఆయన ఒప్పుకొనెను. అయినను దేవుని పనియందలి ఉత్సాహము తనలో తగ్గక పెరుగుచున్నదని ఆ లేఖలోనే వ్రాసెను. ఆ పిదప ఇరువది నాలుగేండ్లు జీవించి, వార్ధక్యమునందును ఊరూరు తిరుగుచు బోధించుచుండెను.

ఈ లేఖను మన బోధకులు వేదికలపై చెప్పవలెనని నా కోరిక. ఆల్డర్స్‌గేట్ రాత్రిని చెప్పినంత ధైర్యముగా దీనిని కూడ చెప్పినచో, శస్త్రచికిత్సకు పోవు రోగి తన వణకును సంఘపెద్దకు సిగ్గుపడక చెప్పుకొనును. అప్పుడు పెద్దలు చేయవలసిన పనియు స్పష్టమగును: వాని విశ్వాసమును తూచుట మాని, ఆ రాత్రి ఆస్పత్రిలో వానికి తోడుగా కూర్చుండువారెవరో, ఇంటివద్ద వాని పిల్లలకు అన్నము వండి పెట్టువారెవరో నిర్ణయించి పంపుట.